ఎల్లాజీ మేస్టారికి పేలు పట్టాయి

మా ఎల్లాజీ మేస్టారికి రాని అంటుజబ్బు లేదు. బళ్లో ఏ పిల్లాడికో ఏదో తగులుకుందని తెలిస్తే చాలు, మర్నాడు పొద్దున్న ప్రార్థన వేళకి అది ఆయనకు వచ్చేసి ఉండేది. పిల్లల జబ్బులు చడీచప్పుడూ లేకుండా వచ్చేవి. మేస్టారివి మాత్రం మైకులో చెప్పి మరీ వచ్చేవి.

పోనీ ఆయనేమైనా పీలగా, గాలేస్తే పడిపోయే మనిషా అంటే కాదు. నరసన్నపేట దగ్గర మా జిల్లా పరిషత్ హైస్కూలుకి ఆయన డ్రిల్లు మేస్టారు. గుమ్మంలోంచి వస్తే గదిలో వెలుతురు తగ్గేది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ లోటంతా మీసంలో తీర్చుకున్నారు. పొద్దున్నే దానికి నూనె రాసి, దువ్వి, కొసలు మెలేశాకే విజిల్ మెడలో వేసుకునేవారు. పెళ్లిచూపుల్లో తను చూసింది ఆ మీసాన్నేనని, దాని వెనక మనిషి ఉన్నాడని తర్వాత తెలిసిందని వాళ్లావిడ అనేది.

నేను తెలుగు పండిట్‌గా ఆ బడికి బదిలీ అయి వచ్చింది 2012లో. ఆ వానాకాలమే కళ్లకలక పట్టుకుంది. మేస్టారు నల్లకళ్లద్దాలు పెట్టుకొచ్చి మైకు అందుకున్నారు.

"ఒరే, నాకు కళ్లకలక వచ్చీసినాది. ఇంకెవరికైనా ఉన్నాదేటి? ఉంటే నా పక్కకి రండి. ఒక్కడినే నిలబడలేకపోతన్నాను."

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని వచ్చాడు. వాడి వెనక మరొకడు. చూస్తుండగానే వరస పెరిగి కొళాయి దాకా వెళ్లింది. ఊరి ఆరోగ్యకేంద్రం నర్సు, ఏఎన్ఎమ్ తాయారు అందరి కళ్లలో చుక్కలు వేసి, ఎవరి తువ్వాలు వాళ్లే వాడాలని చెప్పి ఇళ్లకు పంపింది. మేస్టారు మాత్రం ఇంటికి వెళ్లలేదు. ఆ నల్లకళ్లద్దాలతోనే సాయంత్రం వాలీబాల్‌కి అంపైరింగ్ చేశారు. బంతి చెరకుతోటలో పడితే లోపలే పడిందని విజిల్ ఊదారు.

మా హెడ్మాస్టరు గోవిందరావుగారికి శుభ్రం ఎక్కువ. చాక్‌పీసు కూడా రుమాలుతో పట్టుకునే మనిషి.

"మీరూ ఇంటికి వెళ్లండి మేస్టారూ. మాకందరికీ అంటిస్తారు" అన్నారు.

"నాది అంటుకోదండి."

"అంటుకోని కళ్లకలక ఎక్కడైనా ఉందా?"

"నాది అంటుకోని రకమండి."

ఆ రోజే నేను స్టాఫ్ రూములో నా కుర్చీని ఆయన పక్కనుంచి తీసి కిటికీ దగ్గర వేసుకున్నాను. నాకు జబ్బులంటే భయం, జబ్బుల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లంటే చిరాకు.

మరుసటి ఏడాది గవదబిళ్లలు. మేస్టారు గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా తువ్వాలు కట్టుకుని, ఎడమ బుగ్గ ఉబ్బించుకుని వచ్చారు. మర్నాడు కుడి బుగ్గ ఉబ్బింది. మధ్యాహ్న భోజనం వండే జగ్గమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"అదేటి మేస్టారూ, నిన్న ఎడం బుగ్గ కదేటి వాసినాది?"

"రాత్రి కుడి పక్కకి తిరిగి తొంగున్నాను జగ్గమ్మా. జారిపోనాది."

గవదబిళ్లలు వచ్చినవాళ్లకి పులుపు తగిలితే ప్రాణం విలవిల్లాడుతుంది. ఈయన నా క్యారియర్లో ఆవకాయ అడిగి పెట్టించుకుని, టెంక కూడా వదలకుండా చీకారు. ఇదేం రోగమమ్మా అని తాయారుని అడిగితే, "మీ మేస్టారి ఒంట్లో పెద్దాసుపత్రే ఉన్నాది మేడం" అని నవ్వి వెళ్లిపోయింది.

గజ్జి వచ్చినప్పుడైతే ఆయన తన ప్రతిభంతా చూపించారు. ప్రార్థన మధ్యలో గోక్కున్నారు, వాలీబాల్ స్తంభానికి వీపు రాసుకున్నారు. అది చూసి, అంతవరకూ చేతులు జేబుల్లో దాచుకున్న పిల్లలందరూ హాయిగా గోక్కుంటూ వచ్చి లోషన్ తీసుకున్నారు. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలని తాయారు చెబితే బుద్ధిగా విన్నారు. ఈలోగా స్టాఫ్ రూములో కూడా దురద మొదలైంది. లెక్కల మేస్టారు స్కేలుతో గోక్కున్నారు. గోవిందరావుగారు రుమాలుతో గోక్కున్నారు.

"ఇది అంటుకోని రకమేనా?" అని అడిగారాయన ఏడుపు ముఖంతో.

"ఈసారి సెప్పలేమండి" అన్నారు ఎల్లాజీ మేస్టారు.

ఇక పేల సంగతి. ఏడో తరగతిలో బిందు అని ఒక పిల్ల ఉండేది. తల తిప్పితే వెనక బెంచీ పిల్ల నోట్సు మీద పడేంత జడ. ఆ జడనిండా పేలు. గోకి గోకి తలలో పుళ్లు కూడా పడ్డాయి. పక్కన కూర్చునే హర్షిత ముక్కు మూసుకుని బెంచీ మారిపోయింది. భోజనాల వరసలో బిందుకి అటొకరు, ఇటొకరు కూర్చునేంత జాగా వదిలి మిగతావాళ్లు కూర్చునేవారు. ఒక ఆదివారం ఆ పిల్ల తల్లి కుమారి విసిగిపోయి, మంగలి ఎర్రన్నని పిలిచి గుండు గీయించేసింది. సోమవారం నుంచి బిందు బడికి రాలేదు.

బుధవారం జగ్గమ్మ కబురు తెచ్చింది.

"బిందు గుంట గడప దాటనంటన్నాది మేడం. బడికెళ్లనని ఒకటే ఏడుపు. బడికెళ్లకపోతే ఇంట్లో కూకోని ఏటి సేస్తాది, విశాపట్నంలో సెల్లెలి బిడ్డని ఆడించడానికి పంపించీస్తానంటన్నాది కుమారి. రేపు పొద్దున్న బస్సుకేనట."

"జుట్టు పెరిగాక వచ్చేస్తుందిలెండి" అన్నారు గోవిందరావుగారు.

"అలగెళ్లిన గుంటలు మరి రారండి" అన్నారు ఎల్లాజీ మేస్టారు. ఆయన నవ్వకుండా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. కాసేపు మీసం కొసలు తిప్పుకుంటూ కూర్చుని, నా వైపు తిరిగారు. "మేడంగారూ, ఆడపిల్ల ఇంటికి ఒక్కడినే ఎళ్తే బాగోదు. మీరూ వస్తారేటి?"

బయల్దేరుతుంటే గోవిందరావుగారు గుసగుసగా, "చూస్తూ ఉండండి, రేపటికి ఆయనకు పేలు పడతాయి" అన్నారు.

"ఆ తల మీద ఎక్కడ పడతాయండీ?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

దారిలో మేస్టారు తిన్నగా ఎర్రన్న షాపులోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

"మీసం తీసీ ఎర్రన్నా."

"కొసలా?"

"మొత్తం."

ఎర్రన్న చేతిలో కత్తెర ఆగిపోయింది. మా వైపు తండ్రి పోతేనో, తల్లి పోతేనో తప్ప మగాడు మీసం తీయడు. "అయ్యో మేస్టారూ! నాన్నగారు గానీ..."

"మా నాన్నకేటి, సుబ్బరంగా పొలానికెళ్లినాడు. పేలు పట్టినాయి. తీసీ."

ఎర్రన్న దువ్వెన తెచ్చి మీసమంతా వెతికాడు. "ఇందులో పేలేటీ లేవు మేస్టారూ!"

"నీకు కనబడవు. తీయమంటన్నాను కదా."

కత్తి పడుతున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. తెరిచి అద్దంలో చూసుకుని, "ఈడెవడ్రా బాబూ" అన్నారు. మీసం పోయాక ఆ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇన్నాళ్లూ తెలియని సంగతేదో తెలిసినట్టయి, నవ్వు సగంలో ఆగింది.

"కళ్లకలక?" అని అడిగాను రోడ్డెక్కాక.

"రాలేదండి."

"గవదబిళ్లలు?"

"నిమ్మకాయండి. బుగ్గలో పెట్టుకున్నాను."

"గజ్జి?"

"మొదట అబద్దమేనండి. ఆ లోషన్లు అవీ పంచేసరికి నిజంగానే అంటుకున్నాది."

"ఎందుకు మేస్టారూ ఇదంతా?"

"పిల్లలు జబ్బుకి బయపడరు మేడంగారూ. ఎవరికొచ్చినాదీ అని అడిగితే బయపడతారు. దాచీసుకుంటారు. దాస్తే అందరికీ అంటుకుంటాది. ముందు నాకే వచ్చీసినాదనుకోండి, మరి దాయడానికేటున్నాది?"

నేనేదో అనబోయాను. వీలు చిక్కలేదు. దారిపొడుగునా జనం సైకిళ్లు దిగి మరీ, "ఎప్పుడు పోనారు మేస్టారూ?" అని పరామర్శిస్తున్నారు. ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా, "ఎవరూ పోలేదు, పేలు" అని చెప్పుకుంటూ వచ్చారు.

కుమారి వాకిట్లో సంచి సర్దుతోంది. మమ్మల్ని చూసి ముఖం ముడుచుకోబోయి, మేస్టారి పై పెదవి చూసి గుండె బాదుకుంది.

"ఓలమ్మో! ఎవరు పోనారు మేస్టారూ? కూకోండి, కూకోండి. మేడమ్మా, నువ్వూ కూకో."

మంచం వాల్చింది, మంచినీళ్లిచ్చింది. గదిలోంచి తల్లి పాతచీర ముక్కేదో తలకి చుట్టుకుని బిందు తలుపు సందులోంచి తొంగిచూసింది.

"ఎవలమ్మా ఆయన?"

"నానే గుంటా, డ్రిల్లు మేస్టారిని."

బిందు రెండు కళ్లూ నులుముకుని చూసింది. "మీసమేదీ?"

"పేలు పట్టినాయి. గీయించీసినాను."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. మేస్టారు మాత్రం చాలా దిగులుగా ముఖం పెట్టారు.

"నువ్వు నవ్వుతావేటి? రేపు ఇస్కూలంతా నన్ను సూసి నవ్వుతాది. నాకు బయంగున్నాది. నువ్వూ వచ్చినావనుకో, సగం మంది నిన్ను సూస్తారు, సగం మంది నన్ను సూస్తారు. ఒక్కడినే ఎలగ తట్టుకునేది?"

బిందు ఆయన ముఖాన్ని ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ పరిశీలించింది. "సగం కాదు మేస్టారూ, అందరూ మిమ్మల్నే సూస్తారు" అంది.

"అయితే నీకేటి కష్టం?"

"మరి మీరు నా పక్కనే నిలబడాల."

కుమారి సంచిలో బట్టలు మళ్లీ బయటికి తీసి దండెం మీద వేసింది. "అదే ఎళ్తానంటే నాకేటి మేస్టారూ, నాను వొద్దన్నానేటి?" అంటూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ప్రార్థనకి మేస్టారూ, తలకి స్కార్ఫు కట్టుకున్న బిందూ పక్కపక్కనే నిలబడ్డారు. గోవిందరావుగారు ఆ బోసి పెదవిని చూసి చలించిపోయారు. ఎవర్నీ అడక్కుండానే మైకు ముందుకెళ్లి, "మన ఎల్లాజీ మేస్టారి ఇంట జరిగిన విషాదానికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అని తల వంచేశారు. బడంతా తల వంచింది. ఎల్లాజీ మేస్టారు మర్యాదకి తనూ తల వంచి, మౌనం పూర్తయ్యాక మైకు అందుకున్నారు.

"సాలా థాంక్సండి. ఎవరూ పోలేదు. పేలు పట్టినాయి."

"ఎక్కడండీ?" అన్నారు గోవిందరావుగారు హడలిపోయి.

"మీసాల్లోనండి."

ముందు పగలబడి నవ్వింది బిందే. ఆ నవ్వులో స్కార్ఫు జారి భుజం మీద పడినా చూసుకోలేదు. చూసినవాళ్లూ లేరు. బడి మొత్తం మేస్టారి మూతి మీదే కళ్లు పెట్టి నవ్వుతోంది.

"ఇంకెవరికైనా ఉన్నాయేటి? ఉంటే మా పక్కకి రండి. ఇద్దరమే నిలబడలేకపోతన్నాము."

అందరికంటే ముందు కదిలింది బెంచీ మారిపోయిన హర్షితే. తలొంచుకుని వచ్చి బిందు పక్కన నిలబడింది. తర్వాత ఆడపిల్లలు, వాళ్ల వెనక మగపిల్లలు. తాయారు మందు సీసాలూ, పేల దువ్వెనలూ పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తోంది. ఆఖర్న నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను.

"ఆహా, మీరు భలే వారండీ! పిల్లల కోసం మీరు కూడా..." అన్నారు గోవిందరావుగారు మెచ్చుకోలుగా.

"లేదండీ. నాకు నిజంగానే ఉన్నాయి" అన్నాను.

ఆ తర్వాత బిందు జుట్టుకీ మేస్టారి మీసానికీ పోటీ నడిచింది. ప్రతి సోమవారం డ్రిల్లు పీరియడ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే హర్షిత స్కేలు పెట్టి కొలిచేది. బిందుకి నల్లగా, ఒత్తుగా పెరిగింది. మేస్టారికి మాత్రం తెల్లగా పెరిగింది. పాత మీసంలో మీసమెంతో, రంగెంతో అప్పుడే మాకందరికీ తెలిసింది.

ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆయన చేతి అద్దంలో ఆ తెల్లమీసం చూసుకుని, గట్టిగా నిట్టూర్చారు.

"నాకు కొత్త జబ్బు వచ్చీసినాదండి."

"ఏమిటది?" అన్నాను.

"ముసిలితనం. ఇంకెవరికైనా ఉన్నాదేటి? ఒక్కడినే కూకోలేకపోతన్నాను."

గోవిందరావుగారు గభాలున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను లేచి, కిటికీ దగ్గరున్న నా కుర్చీని ఈడ్చుకొచ్చి ఆయన పక్కన వేసుకున్నాను.