మూడు మెట్లు కిందికి

పదకొండేళ్ళ కిందట జరిగిన ఒక అవమానంతో మొదలుపెడతాను. అది లేకుండా మిగతాది అర్థం కాదు.

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే రైతుల ఊళ్ళను మా బళ్ళారి వైపు క్యాంపులంటారు. కంప్లి దగ్గరి ఒక క్యాంపులో ఆ రోజు పౌరాణిక నాటకం. వేషం కట్టినవాళ్ళు తెర ముందుకు పోయే ముందు హార్మోనియాన్ని తాకి కళ్ళకద్దుకోవడం మాలో రివాజు. నేను మొదటిసారి హార్మోనియం బదులు సింథసైజర్ పెట్టుకుని కూర్చున్నాను. అందరూ తాకారు. కృష్ణుడి వేషంలో ఉన్న ఆయన మాత్రం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ప్లాస్టిక్కుకు మొక్కేదేందప్పా? ఇది వాయించేది గాదు, నొక్కేది.”

అర్జునుడు నవ్వాడు. ధర్మరాజు కూడా నవ్వాడు. నాటక సంఘం పెద్దకు నేను దీని మీద ఫిర్యాదుగా రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. హార్మోనియం వాయించేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి ఆయనకు నేనే మిగిలాను. పదకొండేళ్ళూ ఆయన పక్కన కూర్చుని వాయించాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

మా పనిలో ఒక మర్యాద ఉంది. నటుడికి వయసు మీదపడి గొంతు పైకి అందకపోతే, పక్కన వాయించేవాడు చెప్పకుండా శ్రుతి దించుతాడు. నటుడు అడగడు, వాయించేవాడు చెప్పడు. హార్మోనియం మీద ఇది పూర్తిగా దాగదు. శ్రుతి దిగితే వేళ్ళు వేరే మెట్ల మీదికి జరగాలి, ఓరకంట చూస్తే నటుడికి తెలిసిపోతుంది. సింథసైజర్‌లో ట్రాన్స్‌పోజ్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే వేళ్ళు పాత చోటే ఉంటాయి, స్వరం మాత్రం దిగుతుంది.

ఆయనది నాలుగున్నర శ్రుతి, మగ గొంతుకు బాగా ఎత్తు. నాలుగేళ్ళ కిందట ఒక మెట్టు దించాను. తర్వాత రెండు. పోయినేడాది నుంచి మూడు. ఎన్ని మెట్లు దించామో ఆ అంకె చిన్న తెర మీద వెలుగుతూ ఉంటుంది గనుక, ఆయన కంట పడకుండా దాని మీద గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క అంటించాను. ప్రేమతో చేశానని అనుకోవద్దు. అది పని మర్యాద.

ఈ ఏడాది ఆయన గొంతులో గడ్డ తేలింది. గురువారం ఆపరేషన్. ఆ తర్వాత పాట సంగతి అటుంచి, మాటైనా ఎంతవరకు వస్తుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. ఆయన కూతురు ఫోన్ చేసి, ఈలోగా నాయన పద్యాలు రికార్డు చేసిస్తారా అని అడిగింది. ఆయన్నే ఫోన్ చేసి అడగమన్నాను.

మరుసటి రోజు ఆయనే చేశాడు. “ఆదివారం పొద్దున వస్తాండా. ఇంట్లో ఉంటావు గదప్పా?”

అది అడగడం కాదు. అయినా సరేనన్నాను.

బళ్ళారి గాంధీనగర్‌లో మా మేడ మీది గది చిన్నది. సింథసైజర్ స్పీకర్లో మోగితే ఆ మోత గొంతుతో పాటు మైకులోకి పోతుంది, తర్వాత విడదీయలేం. అందుకని దాన్ని మిడి కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఇద్దరం హెడ్‌ఫోన్లలో వింటూ చేద్దామనుకున్నాను. మిడిలో శబ్దం పోదు. ఏ మెట్టు నొక్కాను, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలాను అనేది అంకెలుగా పోతుంది. ఆ అంకెలను కంప్యూటర్ తిరిగి పంపితే సింథసైజర్ అదంతా మళ్ళీ వాయిస్తుంది. నా వేళ్ళ తప్పులను తర్వాత తీరిగ్గా దిద్దుకోవచ్చు. ఆయన గొంతు జోలికి ఎవరూ పోనక్కరలేదు.

కేబుల్ అమ్మిన షాపువాడు, కొసల మీద ఇన్, అవుట్ అని రాసి ఉంటుంది చూసి పెట్టుకోండి అన్నాడు. ఇన్ అని రాసింది ఇన్‌లో, అవుట్ అని రాసింది అవుట్‌లో పెట్టాను. రెండు రోజులు కంప్యూటర్‌లో ఒక్క గీత పడలేదు. మళ్ళీ పోయి అడిగితే, “ఉల్టా పెట్టాలన్నా. ఈ వయసులో మీకెందుకు ఇయ్యన్నీ?” అన్నాడు. ఉల్టా పెట్టాలని ముందే చెప్పాల్సినవాడు వాడు. ఆ మాట కూడా నాకు గుర్తుంటుంది.

ఆదివారం ఆయన కూతురితో వచ్చాడు. మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు. తీగలన్నీ చూసి, “ఇన్ని నరాలేందప్పా దీనికి? ఆస్పత్రికి పోయేది నేను గదా,” అన్నాడు.

పద్యానికి తాళం కట్టు ఉండదు. గొంతు ముందు నడుస్తుంది, వేళ్ళు దాని వెనక పోతాయి. ఆయన మొదటి పద్యం పాడాడు. బాగా పాడాడు, ఆ సంగతి నేను దాచను. కంప్యూటర్‌లో రికార్డయినదాన్ని వెనక్కి తిప్పి ఇద్దరం విన్నాం. గొంతు ఒక చోట ఉంది, శ్రుతి మరో చోట. రెండూ ఎక్కడా కలవలేదు. ఆయన చివరిదాకా విని హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“శ్రుతి తప్పిండాది.”

“లేదు నాయనా,” అంది కూతురు. హెడ్‌ఫోన్ లేని ఆమెకు ఏమీ వినిపించలేదు.

“నువ్వు ఊరుకోమ్మా. చెవులు బాగానే ఉండాయి నాకు. సాకు, ఇంక చాలు. గొంతు అప్పుడే పోయిండాది, డాక్టర్లు కోసేకి ఏమీ మిగల్లా.”

వింటుండగా మూడో పాదం దగ్గరే తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది. నేను నొక్కిన స్వరాన్ని సింథసైజర్ మూడు మెట్లు దించి కంప్యూటర్‌కు పంపింది. కంప్యూటర్ దాన్ని తిరిగి పంపినప్పుడు సింథసైజర్ ఇంకో మూడు మెట్లు దించి వాయించింది. అంకె మీద ప్లాస్టరు ఉండడంతో నేను దాన్ని చూడనే లేదు. ఆయన గొంతు ఉండాల్సిన చోటే ఉంది.

చెప్పాల్సింది ఒక్క మాట. నేను చెప్పలేదు. తండ్రి మఫ్లరు సరిచేసింది కూతురు. ఆయన లేచి తలుపు దాకా పోయి, కాలితో చెప్పులు వెతుక్కున్నాడు. అది చూస్తూ నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. నాకు బాధ కలగలేదు. ఆ సంగతి రాయకపోతే ఇది రాయడమే దండగ.

రెండో చెప్పు తొడుక్కుంటుండగా అన్నాను: “కూర్చో అన్నా. తప్పింది నీ గొంతు గాదు. నేను.”

ప్లాస్టరు ఊడబీకి చూపించాను. మైనస్ మూడు.

“ఏందది?”

“నీకు దించిన మెట్లు.”

ఆయన వంగి చూశాడు. “రెండనుకొంటి,” అన్నాడు. “మూడెప్పుడు చేస్తివి?”

“పోయినేడు. దోణిమలైలో ఆడిన నాటకం కాణ్ణించి.”

“ఆ పొద్దు సుఖంగా పాడితి. అందుకేనా.”

“చెప్పకూడదు గదా అన్నా.”

“చెప్పకూడదు. చెప్పింటే నిన్ను స్టేజీ మీదే తన్నిందును.” చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు. “సరే, రెండుకు పెట్టు.”

“మూడయితే హాయిగా ఉంటాది.”

“ఎవరికి హాయి? రెండుకు పెట్టప్పా. గురువారం దాకానే గదా. పొదుపు చేసి ఏం చేసుకోవాల?”

రెండుకు పెట్టాను. వెనక్కి తిప్పి వినేటప్పుడు మాత్రం సున్నాకు తెచ్చాను, అప్పుడు గొంతూ శ్రుతీ కలిశాయి. మధ్యాహ్నం దాకా ఏడు పద్యాలు పాడాడు. రెండు చోట్ల పై స్వరం దగ్గర గొంతు చీలింది. మళ్ళీ పాడమంటే, “ఉండనీ, అది నాదే,” అన్నాడు. పోయేటప్పుడు సింథసైజర్ వైపు చూడను కూడా చూడలేదు. అది నేను గమనించాను.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆయన గాలితో మాట్లాడతాడు, దగ్గరికి పోతే తప్ప వినపడదు. నాయన గొంతు ఉన్నదంతా, ఎక్కడా వదలకుండా పంపమని కూతురు అడిగింది. పద్యాలు శుభ్రం చేద్దామని కూర్చున్నప్పుడు చూశాను. మొదటి పద్యం విన్న సేపు కూడా మైకు రికార్డవుతూనే ఉంది. కొత్త పని, నేను ఆపలేదు. ఆయన మాటలన్నీ అందులో ఉన్నాయి. శ్రుతి తప్పిండాది, సాకు, గొంతు అప్పుడే పోయిండాది. ఆ తర్వాత అడుగుల చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు, కంప్యూటర్‌లో సన్నటి గీత తప్ప. అది నా మౌనం. రెండు మూడు సెకన్లు అనుకున్నాను. నలభై ఒకటి ఉంది.

అక్కడ కత్తిరించడం సులువే. కానీ దాని ముందున్నది ఆయన గొంతు. వెనక, చెప్పులు విప్పి వచ్చి “రెండుకు పెట్టు” అన్నదీ ఆయన గొంతే. కత్తిరించకుండా మొత్తం పంపాను. మధ్యలో ఆ ఖాళీ ఏమిటని ఎవరైనా అడిగితే చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.