రెండు రొయ్యలు, ఒక పులి

ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల విందుల్లో అందరి పేర్లకీ ముందు డాక్టరు అనో, వెనక పీహెచ్‌డీ అనో ఉండేది. నా పేరుకి ముందు మా ఆవిడ ఉండేది. ఆవిడ నర్సు. ఆవిడ వీసా కొంగు పట్టుకుని నేనూ వచ్చి దిగాను. ఎనిమిదో క్లాసు మధ్యలో బడి మానేసినవాణ్ణి. "మీరేం చేశారండీ?" అని ఎవరైనా చదువు సంగతి ఆరా తీస్తే "పెళ్లి" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. ఒకసారి నవ్వాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

రెండో ప్రశ్న వేసింది మేష్టారొక్కరే. ఊళ్లో చరిత్ర లెక్చరరుగా చేసి, ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకి కేటలాగు కార్డులు రాసే ఉద్యోగంలో చేరినాయన. నేను బాడీ షాపులో కార్లకి రంగులేస్తానని తెలిసి, "ఆ పని ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నారు. మా నాన్న దగ్గరన్నాను. ఒక జమీందారుగారి దివాణంలో ఆయన పెయింటరు, కారు తలుపుల మీద దివాణం చిహ్నం వేసేవాడని చెప్పాను. మేష్టారు చేతిలో ప్లేటు పక్కన పెట్టేసి జేబులోంచి పెన్ను, నోట్‌బుక్కు తీశారు.

ఆయన పిచ్చి అదే. ఎప్పుడో లైబ్రరీకి ఎవరో యూరప్ రాజవంశాల చిహ్నాల మీద నాలుగు పెట్టెల పాత పుస్తకాలు ఇచ్చారట. వాటికి కార్డులు రాయడం ఈయన వంతుకొచ్చింది. డాలు మీద ఏ జంతువు ఎటు చూడాలి, ఏ కాలు ఎత్తాలి, ఏ రంగు మీద ఏ రంగు పడకూడదు, దీనికంతా ఒక శాస్త్రం ఉందని ఆయనకి అప్పుడు తెలిసింది. మన జమీందార్లూ దొరల్ని చూసి అలాంటివి పెట్టుకున్నారు కదా, వాటినెవరూ ఒకచోట చేర్చలేదే అని మొదలుపెట్టారు. చరిత్ర డిపార్టుమెంటుకి వెళ్తే ఇది చరిత్ర కాదు, అలంకారం అన్నారట. దాంతో పగలు కార్డులు, శని ఆదివారాలు చిహ్నాలు. అలా పదిహేనేళ్లు. విందుకొచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని "మీ వైపు దివాణం గేటు మీద ఏముండేది?" అని అడిగేవారు. అందరూ ప్లేట్లు పట్టుకుని వంటింట్లోకి జారుకునేవాళ్లు.

నేను కూర్చునేవాణ్ణి. నా మాట ఒకరు కాగితం మీద పెట్టడం నా జన్మలో అదే మొదలు. నాన్న వేసిన చిహ్నం చెప్పాను. ఎర్ర డాలు మీద పసుప్పచ్చ పులి, కుడి ముందుకాలు ఎత్తి వెనక్కి చూస్తూ ఉంటుంది. వెనక్కెందుకు చూస్తోందని చిన్నప్పుడు అడిగితే, "తోక సరిగ్గా వేశానో లేదో చూసుకుంటోందిరా" అనేవాడు నాన్న. అదీ రాసుకున్నారు. పక్క దివాణాల బండ్లకి కూడా నాన్న రంగులేసేవాడు కనక ఇంకో ఏడు చెప్పాను. అన్నీ కళ్లారా చూసినవే.

"నాకు ఒక్క సాక్షి చాలయ్యా," అన్నారొకసారి. "ఆ ఒక్కడూ ఎక్కడా తప్పు చెప్పకూడదు. చెప్పాడా, అతను చెప్పినవన్నీ తీసేస్తాను."

ఆ మాట విన్నాక కూడా చేశాను నేను ఆ పని.

ఒక డాక్టరుగారింట్లో విందు. మేష్టారు నా పక్కన కూర్చుని, "ఇంకేమైనా గుర్తొచ్చాయా?" అన్నారు. వంటింటి గుమ్మంలో నలుగురు నిలబడి నాకు కన్నుకొడుతున్నారు. నా ప్లేట్లో రొయ్యల వేపుడుంది.

"సముద్రం పక్కన ఒక చిన్న ఎస్టేటుండేదండి," అన్నాను. "డాలుకి అటొక రొయ్య, ఇటొక రొయ్య. పట్టుకుని నిలబడి ఉంటాయి. నడిమధ్యన నాటు పడవ."

వంటింట్లో ఎవరికో పొలమారింది. మేష్టారు తలెత్తలేదు. రాసుకోవడం పూర్తిచేసి, "ఇది ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదయ్యా," అన్నారు. ఆ గొంతు విన్నాక, అబద్ధమండీ అనడానికి నోరు రాలేదు. ఇంటికెళ్లేటప్పుడు చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

వారానికి ఫోన్ చేశారు. "ఆ రొయ్యల మీసాలు పైకున్నాయా, కిందికా?"

ఆ క్షణమైనా చెప్పి ఉండొచ్చు. "పైకండీ," అన్నాను. మొదటి అబద్ధం నలుగుర్ని నవ్వించడానికి ఆడింది. ఈ రెండోదానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

ఆరేళ్లు గడిచాయి. విందుల్లో ఆయన కనపడితే ఇప్పుడు నేనూ వంటింట్లోకి జారుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనే బాడీ షాపుకి వచ్చారు, చేతిలో టైపు చేసిన కాగితాల కట్టతో.

"బుక్ వచ్చే నెల ప్రింట్‌కి వెళ్తోంది. నువ్వు చెప్పినవాటికి రంగులు కరెక్టో కాదో చెక్ చేసి చెప్పు."

చేతులు తుడుచుకుని తిరగేశాను. మా నాన్న పులి ఒక పేజీ నిండా ఉంది, కాలెత్తి, వెనక్కి చూస్తూ. కింద నాన్న పేరు. ఇంకో నాలుగు పేజీల తర్వాత రొయ్యలు. మీసాలు పైకే ఉన్నాయి. ఎంత శ్రద్ధగా వేశారో, నేనే నిజమనుకునేట్టున్నాయి.

"మేష్టారూ, ఈ రొయ్యలు లేవండీ," అన్నాను.

"లేవంటే?"

"నా ప్లేట్లో తప్ప ఎక్కడా లేవు."

ఆయన తిడితే బాగుండుననిపించింది. పెన్సిలు తీసి రొయ్యల మీద అడ్డంగా గీత కొట్టారు. తర్వాత వెనక్కి తిప్పి పులి పేజీ తీశారు.

"అది నిజమండీ. నాన్న వేస్తుంటే పక్కన రంగుడబ్బా పట్టుకున్నాను."

"ఇంకెవరైనా చూసినవాళ్లున్నారా? ఫోటో ఏమైనా?"

నాన్న పోయాడు. కారు పాత ఇనుముకి పోయింది. మా ఆవిడది వేరే జిల్లా. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగడం చూశాను. తర్వాత పులి మీద గీత పడింది, దాని తర్వాత మిగతా ఏడింటి మీదా. నాన్న పేరు మీద కూడా.

పుస్తకం వచ్చింది. మేష్టారు నాకూ ఒకటి ఇచ్చారు. అందులో నాన్న లేడు. పిల్లలకి వాళ్ల తాత పని చూపించడానికి ఉన్న ఒక్క కాగితాన్నీ నేనే కొట్టేయించాను. ఆ సంగతి వాళ్లకి ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాతి వేసవి పిక్నిక్‌లో ధైర్యం చేసి ఆయన పక్కన కూర్చున్నాను. పులి చారలు గీసేటప్పుడు నాన్న ఊపిరి బిగబట్టేవాడని, చార పూర్తయితే గానీ వదిలేవాడు కాదని, చూస్తూ నేనూ బిగబట్టి ఒకసారి కళ్లు తిరిగి పడ్డానని చెప్పాను. అక్షరం కల్పన లేదు. ఆయన హాయిగా నవ్వారు. చెయ్యి మాత్రం జేబు వైపు పోలేదు.

"రాసుకోరేం మేష్టారూ? ఇంకా నమ్మట్లేదా నన్ను?" అన్నాను.

"నమ్ముతున్నానయ్యా," అన్నారు. "రాసుకోను, అంతే."