రొయ్యల కూరకి మిగలని వైన్

ముందే చెప్తున్నాను, మీరంతా నవ్వినా సరే, మొన్న శనివారం మా ఇంట్లో జరిగినదాంట్లో నా తప్పు సగమే. మిగతా సగం గ్లాసులది.

మా ఆఫీస్‌లో ఏటా ఒక పాట్‌లక్ డిన్నర్ ఉంటుంది. ఎవరేం తేవాలో లిస్ట్ రాసేది నా పక్క సీటు లిండా. ఆరేళ్ళుగా నా పేరుకి ఎదురుగా ఒకటే మాట: పేపర్ ప్లేట్లు. ఈసారి అడిగేశాను, నేను వండి తెస్తే ఏమిటి అభ్యంతరమని.

"సుధా, నీ వంట బాగుంటుంది. కానీ డిన్నర్‌లో వైన్ ఉంటుందిగా. మీ కారం ముందు వైన్ రుచే తెలీదు," అంది.

"శనివారం మీ ఆయన్ని తీసుకుని మా ఇంటికి రా. నా కూరకి వైన్ కుదరకపోతే రిటైరయ్యేదాకా ప్లేట్లే తెస్తాను," అన్నాను.

అనడమైతే అనేశాను. మా ఇంట్లో నేనూ తాగను, మా ఆయన మూర్తీ తాగరు. మా ఊరు నేపర్‌విల్‌లో ఒక వైన్ షాపుకెళ్ళి, అక్కడి పెద్దాయనకి కొబ్బరిపాలు పోసి వండే రొయ్యల కూర గురించి పావుగంట క్లాసు పీకాను. ఆయన ఓపిగ్గా విని ఒక సీసా తీశాడు. ఆల్ప్స్ కొండల్లో పండిన మూడు రకాల ద్రాక్ష కలిపి చేసిన వైట్ వైన్. ఓక్ చెక్క పీపాలో ఏడాది ఊరిందట.

"వెన్న, క్రీమ్, చేపలు, పుట్టగొడుగులు, అన్నిటికీ బాగుంటుంది. కారం మాత్రం తగ్గించండి. గ్లాసు వెడల్పుగా ఉండాలి," అన్నాడు.

రుచికని తెరిచి ఉంచిన సీసాలోంచి ఒక గుక్క పోశాడు. పందెం కోసం తప్పదని నాలిక మీద వేసుకున్నాను. కాచిన వెన్న వాసన, వెనకే నిమ్మ పులుపు. కొబ్బరిపాలకి ఇంకేం కావాలి? అమ్మడానికి మిగిలింది ఒక్కటే సీసా. ఇద్దరికి చాలనుకున్నాను. గ్లాసులు మాత్రం షాపులో అన్నిటికన్నా పెద్దవి కొన్నాను.

శనివారం పచ్చిమిరపకాయలు రెండే వేశాను. చెయ్యి లాగుతున్నా ఆపుకున్నాను. లిండా, వాళ్ళాయన టామ్ వచ్చేసరికి కూరకి ఇంకో పది నిమిషాలు పట్టేలా ఉంది. ఈలోగా చేగోడీలు పెట్టి, వైన్ పోశాను. అంచుదాకా.

వైన్ సగం గ్లాసుకి మించి పోయరట. ఇంటికొచ్చినవాళ్ళకి సగం గ్లాసు ఇస్తామా? నాకు మజ్జిగైనా నిండా పోయడమే తెలుసు. రెండో గ్లాసు నిండేసరికి సీసా ఖాళీ. భలే సరిపోయిందని సంతోషించాను కూడా.

లిండా గ్లాసు ఎత్తబోయి ఆగింది. కదిలిస్తే ఒలుకుతుంది. చివరికి ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకుని, కుడితి తొట్టి దగ్గర దూడల్లా టేబుల్ మీదికి వంగి తాగారు.

"ఇది మీ సంప్రదాయమా?" అన్నాడు టామ్, తల పైకెత్తి మర్యాదగా.

"లేదు, మా ఆవిడ సంప్రదాయం," అన్నారు మూర్తి.

చేగోడీ కొరకడం, వంగి ఒక గుక్క తాగడం. నేను కూర గిన్నె తెచ్చేసరికి రెండు గ్లాసులూ ఖాళీ, పళ్ళెంలో ఒక్క చేగోడీ.

"ఇప్పుడు కూరకి వైన్?" అంది లిండా.

సీసా తిప్పి చూపించాను. రొయ్యల కూర మజ్జిగ తాగుతూ తిన్నారు. ఇద్దరూ రెండుసార్లు వడ్డించుకున్నారు.

"కూర అద్భుతం. కానీ వైన్‌కి కుదిరిందో లేదో తేలలేదుగా," అంది.

"వైన్ చుక్క మిగల్లేదు. కుదరకపోతే మిగిలేది," అన్నాను.

"అది చేగోడీలకి కుదిరింది, సుధా."

టామ్ ఆ చివరి చేగోడీ తీసుకుంటూ, "నిజమే," అన్నాడు.

సోమవారం లిస్ట్ మెయిల్లో వచ్చింది. సుధ: కరకరలాడే రింగులు, వంద. పేపర్ ప్లేట్లు: లిండా. వైన్ పోయడం: సుధ తప్ప ఎవరైనా.

పోనీండి. ప్లేట్లు వదిలాయి, నా లెక్కలో అది గెలుపే. చేగోడీలతో పాటు ఒక క్యాన్ మజ్జిగ కూడా పట్టుకెళ్తున్నాను. లిస్ట్ రెండుసార్లు చదివాను, మజ్జిగ ఎవరు పోయకూడదో అందులో రాయలేదు.