ప్లగ్గు పీకాక కాసేపు

“అంకుల్ నహీ రహే” అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచే. ఏ అంకులో నాకు వెంటనే తట్టలేదు. పోయింది మా పక్కింటి మావయ్య అని తట్టాక కూడా కాళ్ళు వంటింట్లోకే నడిచాయి. ఎందుకో తెలీదు.

టాటానగర్ స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. రిపేర్ల గురించి ఓనమాలు రావు. కానీ బొగ్గుల పొయ్యి రాజేస్తే చాలు, అత్తయ్యకి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఓడలో పనిచేసే మేనల్లుడు సింగపూర్ నుంచి మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చిస్తే, ఇంక పొగ పీడ వదిలిందనుకున్నారు. కొన్నాళ్ళకే అది మొరాయించింది. లైటు వెలిగేది, పళ్ళెం తిరిగేది, పాలు మాత్రం చల్లగానే ఉండేవి.

ఆదివారం గోడ మీంచి పిలిచేవాడు: “అమ్మీ, కాళీయేనా? పుస్తకం ఒట్టుకురా!” బీయెస్సీ అయిపోయి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నాకు ఖాళీ తప్ప ఏముంది? ఓవెన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నేను చదవాలి, స్క్రూలు ఆయన విప్పాలి. ప్లగ్గు తీశాక కాసేపు ఆగమని అందులో ఉంది. ఆయన లెక్కలో కాసేపంటే రెండు కప్పుల టీ. “ప్లగ్గు పీకీసినా లోన కరెంటుంటాది. కూకో.” ఆ కాసేపట్లోనే ఇంటర్వ్యూలూ, పెళ్ళిచూపులూ, నాన్నతో గొడవలూ అన్నీ కక్కేసేదాన్ని. ఆయన స్క్రూడ్రైవరుతో వీపు గోక్కుంటూ వినేవాడు.

పాడైంది తలుపు దగ్గరి చిన్న స్విచ్చని తేల్చాం. దాన్ని జేబులో వేసుకుని, ఊడిన పన్నులా సాక్చి బజారంతా చూపించాడు. “యే టీవీ కా హై?” అన్నారు రేడియో కొట్లవాళ్ళు.

“టీవీలో పాలు కాగుతాయేటి!” అని నా దగ్గర విసుక్కున్నాడు.

చివరికి తుక్కు కొట్లో అలాంటిదే దొరికితే బిగించాం. అయినా పాలు కాగలేదు. “ఇంకేదో పోయుంటాది. వచ్చే ఆదివారం సూద్దాం” అన్నాడు. ఆ వచ్చే ఆదివారాలు చాలానే వచ్చాయి.

దినకార్యం అయ్యాక వెళ్తే అత్తయ్య టీ ఇచ్చింది. ఇంట్లో పొగ వాసన లేదు. ఓవెన్లో రెండో కప్పు తిరుగుతోంది.

“అత్తయ్యా, ఇది పనిచేస్తోందా?”

“వానలు మొదలైన కాణ్ణించీ చేత్తంది. ఏదో తీగ ఒదులైందట, బిగించీసినాడు.”

“మరి ఆదివారాలు?”

“పొద్దున్నే ఆ తీగ మళ్ళీ విప్పీసీవోడు. నీకు సెప్పొద్దన్నాడు.”

“ఎందుకూ?”

“ఏటో. మీ ఇద్దరి రిపేరు నాకేటి తెలుసు?”

నాకూ తెలీడం లేదు. ఇన్నాళ్ళూ ఆయనకి నేను సాయం చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు కోపం రావాలో, ఇంకేం రావాలో తేలడం లేదు.

ఓవెన్ టింగుమంది. అత్తయ్య కప్పు తీసి, ప్లగ్గు పీకింది. నేను లేచాను.

“కూకో అమ్మీ. లోన కరెంటుంటాది.”

విప్పడానికేమీ లేదు. అయినా కూచున్నాను.