పొద్దున పెట్టుకున్న బొట్టు

నరసమ్మ నుదుటి బొట్టు ఆ రోజు పొద్దునే పెట్టుకున్నదని అధికారికి చెప్పింది నేనే.

ఏళ్ల తరబడి ఈ ఒక్క ముక్క మోస్తున్నాను. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పేసుకునేవాణ్ని. నిజం కాబట్టి దాని చాటున దాక్కున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కంచరపాలెంలో మా ఎదురిల్లు ఆమెది. ఎస్సీలు. మిషను మీద బట్టలు కుట్టేది. పేరు అప్పలనరసమ్మ, సింహాద్రి అప్పన్న పేరే. కొన్నాళ్లకి ఆదివారాలు ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టి, బొట్టు మానేసింది. పక్క వాటాలో ఆమె తోటికోడలు; మా వైపు యారాలంటాం. యారాలు పైడితల్లిని కొలిచేది. వాళ్ల మధ్య దేవుడి గొడవ నేనెన్నడూ వినలేదు.

నేను బడికి పోయింది తక్కువ. పోర్టులో బస్తాలు మోస్తూ, లైబ్రరీలో కూర్చుని రాజ్యాంగం చదువుకున్నాను. ఎవరికి నచ్చిన దేవుణ్ని వాళ్లు కొలుచుకోవచ్చని నరసమ్మకి మా అరుగు మీద చెప్పింది నేనే. ఆమె నాకంటే బాగా చెప్పడం నేర్చుకుంది. మా వార్డు ఎస్సీలకి రిజర్వు అయ్యేసరికి ఎన్నికల్లో నిలబడతానంది. కుళాయి దగ్గర మీటింగులో నా మాటలే చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. నా పేరు ఎత్తలేదు.

అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆమె క్రైస్తవురాలని ఎవరో అర్జీ పెట్టారు. ఎస్సీ మనిషి యేసుని నమ్మితే ఇక ఎస్సీ కాదంటుంది మన చట్టం. కులం పోయిందంటుంది. ఎక్కడికి పోయింది? మా ఇంట్లో ఆమెకి టీ కాగితం కప్పులోనే. ప్రార్థనకి వెళ్లకముందూ అంతే, వెళ్లాకా అంతే.

విచారణ రోజు పొద్దున, యారాలు కుంకుమ భరిణె తెచ్చి నరసమ్మకి బొట్టు పెట్టడం మా కిటికీలోంచి చూశాను.

"ఈ పూటకి మీ యేసుబాబు ఏటీ అనుకోడులే," అంది యారాలు.

"అడిగితే నువ్వే ఎట్టినావని సెప్పీస్తాను," అంది నరసమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. నన్ను చూడలేదు.

సాక్షిగా నన్నే తీసుకువెళ్లింది. తను బయట బెంచీ మీద కూర్చుంది. లోపల అధికారి, ఆమె హిందువేనా అని అడిగాడు. ఒక మనిషి దేవుడెవరని అడగడానికి నువ్వెవరివయ్యా అనాల్సింది. ఊళ్లో అందరికీ ఆ పాఠం చెప్పినవాణ్ని. "ఆ బొట్టు ఈవేళ పొద్దున పెట్టుకున్నదేనండి," అన్నాను. వేషాలంటే నాకు గిట్టవని మెట్లు దిగుతూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఏటడిగినాడు బాబూ?"

"నువ్వు మంచిదానివని చెప్పాను."

కులం సర్టిఫికెట్ రద్దు చేశారు. పోటీ పోయింది. బొట్టు సంగతి మీవాళ్లే చెప్పారని అధికారి ఆమెతో అన్నాడట. మీవాళ్లే. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆ మాటే తిప్పి తిప్పి అంది. బొట్టు సంగతి పెట్టినావిడకి తప్ప ఇంకెవరికి తెలుసు అంది. నేను ఊరుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది, కాగితం కప్పులో.

యారాలితో మాట మానేసి నరసమ్మ తగరపువలస వెళ్లిపోయింది. యారాలు మంచాన పడి కబురంపినా రాలేదు. అలాగే పోయిందావిడ.

మనిషి నుదురు చూసి హక్కులిచ్చే ప్రభుత్వాన్ని ఇన్నాళ్లూ తిట్టాను. ఇప్పుడూ తిడతాను. మరి ఆ నుదురు చూపించిందెవరు? ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

మొన్న బస్సెక్కి తగరపువలస వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను. గుండెల మీంచి ఏదో దిగినట్టే అయింది, కాదనను. ఆమె మిషను ఆపింది. కూర్చోమనలేదు. కుడుతున్న గుడ్డ మడతపెట్టి అంది:

"పదవి పోయిందని నానెప్పుడూ ఏడవనేదు బాబూ. బొట్టెట్టిన మనిసే సెప్పీసిందనుకున్నాను. సచ్చిపోతా పిలిసినా ఎల్లనేదు. నువ్వు సెప్పీసి తేలికపడిపోనావు. నానెవలికి సెప్పుకోవాల?"