బొమ్మ కింది అక్షరాలు

ఆ వీధిలో ఆమెను అందరూ జిరాక్స్ వదిన అనే పిలుస్తారు, వరస కుదిరినవాళ్ళూ కుదరనివాళ్ళూ కూడా. పాలు పోసే ముసలాయన సైతం "వదినమ్మా, నా పింఛను కాయితం ఒకటి తియ్యి" అంటాడు. "మీ కూతురి ఈడుదాన్ని, వదినేమిటి బాబాయ్!" అని ఆమె నవ్వుతుంది గానీ, కాగితం మాత్రం రెండు తీస్తుంది. ఒకటి ఆయన దారిలోనే పారేసుకుంటాడని ఆమెకు తెలుసు.

మెట్ల కింద ఇరుకు గది ఆమె దుకాణం. నిలబడితే నెత్తి తగులుతుంది, కూర్చుంటే మోకాలు తగులుతుంది. పొద్దున్నే తలుపు తీసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, ఆ తరవాతే మీట నొక్కుతుంది. యంత్రం మొరాయిస్తే మళ్ళీ దేవుణ్ణి ఇబ్బంది పెట్టదు. తనే స్క్రూడ్రైవర్ తీసుకుంటుంది.

కోడ్ రాయడం ఆమెకు నేర్పింది ప్రింట్ల కోసం వచ్చే ఒక ఇంజినీరింగ్ అమ్మాయి. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక, తన లాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టి, ఫైళ్ళన్నిటికీ ఒకేసారి పేర్లు మార్చి చూపించింది. "ఇంత పని ఇంత చిన్న మాటతో అవుతుందా!" అని వదిన నోరు తెరిచింది. ఇక ఆగలేదు. గిరాకీకీ గిరాకీకీ మధ్య ఫోనులో పాఠాలు చూస్తూ నేర్చుకుంటూనే పోయింది. తెలియనిది అడగడానికి ఆమెకు ఎప్పుడూ సిగ్గు లేదు.

ఆ చదువుకు అసలైన పని మరిది వల్ల పడింది.

మరిది బడిలో భూగోళం చెప్పే మాస్టారు. కంటి జబ్బొకటి కొన్నేళ్ళుగా అతని చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, ఆ ఏడు పూర్తిగా మింగేసింది. హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి. ఇంటికి వచ్చి, అతని పక్కనే కూర్చుని, "సెలవులయ్యాక ఆఫీసులో మీకు కుర్చీ వేయిస్తాను మాస్టారూ. జీతం తగ్గదు, శ్రమా ఉండదు" అంది.

"పాఠం చెప్పొద్దంటారా?"

"సొంతంగా తయారవగలిగితే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరు? ఎలా అవుతారో చెప్పండి."

ఇంకొకరు చదివి పెడితే తను అప్పజెప్పడం అతనికి చిలక పనిలా తోచింది. ఏళ్ళ తరబడి ప్రతి పాఠానికీ అతను తిరగేసింది ఒకే ఒక లావు పుస్తకం. దాని అచ్చు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడది బల్ల మీదే ఉంది. తడిమితే అట్ట తెలుస్తుంది, అంతే.

"ఆ పుస్తకం నాకివ్వు" అంది వదిన. "నీ ఫోను చేత చదివిస్తాను."

"ఫొటో తీస్తే ఫోను చదవదు వదినా. దానికి అది బొమ్మే."

"బొమ్మ కింద అక్షరాలు పరుస్తానోయ్. నువ్వు చూస్తూ ఉండు... అదే, వింటూ ఉండు."

మరిది నవ్వాడు. చాలా రోజుల తరవాత.

పుస్తకం నడుము విరగ్గొట్టడం ఇష్టంలేక బైండరు దగ్గరికి తీసుకెళితే, అతను కుట్టు విప్పి విడి కాగితాలు చేసి, "పనయ్యాక తెండి, మళ్ళీ కుడతాను" అన్నాడు. కూలి మాటెత్తితే "మాస్టారు నాకు మ్యాపు గీయడం నేర్పారమ్మా" అని మొహం తిప్పుకున్నాడు. భర్త బస్సు డ్యూటీ దిగి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, ఒక్కో కాగితం స్కానరు అద్దం మీద పెట్టేవాడు. "స్టీరింగు కంటే ఇదే కష్టంగా ఉందే" అని గొణిగేవాడు గానీ, ఒక్క మూలా మడతపడనివ్వలేదు.

వదిన రాసిన కోడ్ ఆ బొమ్మల్ని ఒకటొకటిగా తీసుకునేది. వంకర పేజీని నిటారు చేసేది, పసుపు మరకను తెల్లబరిచేది, అక్షరాలను పోల్చుకునేది. పోల్చుకున్న మాటల్ని కంటికి కనబడకుండా సరిగ్గా ఆ బొమ్మ కిందే పరిచేది. పైకి చూస్తే పాత పేజీ, మరక కూడా కనిపించనంత శుభ్రంగా. వెతికే గడిలో "రుతుపవనాలు" అని కొడితే, ఆ మాట ఉన్న చోటల్లా పచ్చగా వెలిగేది. "ఎడారి" కొట్టింది, వెలిగింది. "అగ్నిపర్వతం" కొట్టింది, వెలిగింది. ఆమె కళ్ళు చెమర్చాయి. వెంటనే హెడ్‌మిస్ట్రెస్‌ను పిలిపించింది.

అందరూ కూర్చున్నారు. అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. మరిది ఫోను పైకి పట్టుకుని "అగ్నిపర్వతాలు" అని వెతికి, చదవమన్నాడు. ఫోను గంభీరంగా మొదలుపెట్టింది.

"అగ్నిపర్వతం నోరు తెరిచినప్పుడు ముళ్ళకంపలు నములుతుంది. లోపలి కరిగిన రాయి పైకి పొంగి మూపురంలో కొవ్వుగా దాచుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు భయపడి దాని పాలు తాగుతారు."

"ఇదెక్కడి కొండే కోడలా?" అంది అత్తగారు. "దీన్ని పితుకుతారా?"

భర్త ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. హెడ్‌మిస్ట్రెస్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది కూడా నవ్వాడు, కానీ ముందుగా ఆగింది అతనే. "పోనీలే వదినా. ఆఫీసు కుర్చీ కూడా కుర్చీయే" అన్నాడు.

వదినకు తల కొట్టేసినట్లయింది. అయినా హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి, "బడి తెరిచేదాకా ఆగండమ్మా. ఇది నా చేతిపని. తప్పు ఎక్కడుందో నా చేతికే దొరుకుతుంది" అంది.

"ఆగుతాను" అంది ఆమె. లేచి వెళుతూ మరిది భుజం మీద ఒకసారి చేయి వేసింది.

హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళాక వదిన పేజీని తెర మీద ఎంతసేపు చూసినా తప్పు కనబడలేదు. ఎలా కనబడుతుంది? పైన ఉన్నది బొమ్మ. అది ఎప్పుడూ సరైనదే.

"మళ్ళీ పెట్టు వదినా" అన్నాడు మరిది హఠాత్తుగా. తల వంచుకుని విన్నాడు. "ఇది పిచ్చివాగుడు కాదు. ఒక ముక్క కొండ, ఒక ముక్క ఒంటె. మళ్ళీ కొండ, మళ్ళీ ఒంటె. ఆ పేజీలో ఎడమ పక్క అగ్నిపర్వతాలు, కుడి పక్క ఎడారి జంతువులు. నాకు గుర్తే."

వదిన నుదురు కొట్టుకుంది. పుస్తకం పేజీకి రెండు నిలువు వరుసలు. రెండు మళ్ళ మధ్య గట్టు చూసుకోకుండా నాగలి అడ్డంగా దున్నేసినట్లు, తన కోడ్ ఈ చివరి నుంచి ఆ చివరికి చదువుకుపోయింది. మాటలన్నీ ఉన్నాయి కనుక ఏది వెతికినా దొరికింది. వరసగా వినాలని కళ్ళున్న తనకు తట్టనే లేదు.

"నేను వెతికి చూశాను గానీ విని చూడలేదురా" అంది.

"అందుకే నేనున్నాగా!"

ఇద్దరూ కూర్చున్నారు. పేజీ మధ్యలో పైనుంచి కిందికి సిరా తగలని తెల్లటి సందు ఎక్కడుందో ముందు కనిపెట్టి, అక్కడ రెండుగా కోసి, ఎడమ సగం పూర్తయ్యాకే కుడికి వెళ్ళమని ఆమె కోడ్‌కు చెప్పింది. మ్యాపులు ఆ సందుకు అడ్డంగా పరుచుకున్న పేజీలు మళ్ళీ తిరగబడ్డాయి. వాటిని అడ్డంగా ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ విడిగా చూడమంది. ఆమె మార్చేది, అతను వినేవాడు. "ఊఁ", "ఊఁ", "ఆగు, ఇక్కడ దూకింది" అనేవాడు. అత్తగారు ఇద్దరి ముందూ మజ్జిగ గ్లాసులు పెట్టి, "కొండను పితకడం మానారా?" అని అడిగి వెళ్ళేది.

బడి తెరిచిన రోజు బైండరు తిరిగి కుట్టిన పుస్తకం ఇవ్వడానికి వదిన బడికి వెళ్ళి, తరగతి కిటికీ దగ్గర ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఒక పిల్ల లేచి, "సార్, సముద్రం ఉప్పగా ఉంటుంది కదా, అందులో కలిసే నదులు ఎందుకు ఉప్పగా లేవు?" అంది. అది ఆనాటి పాఠంలో లేదు.

"మంచి ప్రశ్న. నాకు తెలిసింది చెప్పే ముందు పుస్తకం ఏమంటుందో చూద్దాం." మరిది చెవిలో ఇయర్‌ఫోను సర్దుకుని ఫోను మీద వేళ్ళు కదిపాడు. "వదినా, కిటికీ దగ్గర ఉన్నది నువ్వే కదూ, చెప్పుల చప్పుడు విన్నాను. ఆ పుస్తకం లోపలికి పంపించు. అమ్మాయ్, నదుల అధ్యాయం తీసి, 'రాళ్ళను ఒరుసుకుంటూ' అన్న దగ్గర నుంచి పైకి చదువు."

పిల్ల చదివింది. మధ్యలో ఒక పంక్తి దాటేసింది.

"ఒక పంక్తి మింగావు తల్లీ. వెనక్కి వెళ్ళు."

పిల్లలు గొల్లుమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ లేచి వరండాలోకి వచ్చింది. "ఆఫీసు కుర్చీకి ఇంకెవరినైనా చూసుకోవాలి నేను" అంది. ఆ మాట చెప్పేటప్పుడు వదిన చేయి ఆమె చేతిలో ఉంది.

ఆ సాయంత్రం మరిది నేరుగా దుకాణానికే వచ్చి, మెట్టు మీద చతికిలబడ్డాడు. పొగుడుతాడేమోనని వదిన ఎదురుచూసింది.

"పేజీ అడుగున చిన్నచిన్న అక్షరాలు వదిలేస్తోంది నీ కోడ్."

"అవి ఎవరు చదువుతార్రా?"

"కళ్ళున్నవాళ్ళు చదవరు. నాకు కావాలి."

"దేవుడా, వీణ్ణి పుస్తకం ఇవ్వమన్నది నేనేగా!" అంటూనే వదిన తెర ముందుకు స్టూలు లాక్కుంది.