చూసినవాళ్లు ఒక గీత కలపండి

శనివారం పొద్దున ఇడ్లీపిండి కలుపుతుంటే ఫోను మోగింది. మా ఎదురు ఫ్లాట్ అక్కయ్య ఆస్పత్రిలో పోయిందని, షికాగో నుంచి వచ్చిన ఆమె తమ్ముడు చెప్పాడు. "సరేనండీ" అని ఫోను పెట్టేసి మళ్లీ పిండి కలిపాను. ఏడుపు ఎప్పటికో వచ్చింది. అప్పట్నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎన్నిసార్లు లేచానో.

జెర్సీ సిటీలో మా రెండు తలుపులూ ఎదురెదురు. తట్టి రావడం అక్కయ్యకు తెలియదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, నిలబడే పెరుగన్నం తినేది. ఆమె గోళ్లలో బొమ్మల రంగు చూసి నేను మొహం చిట్లిస్తే, "విషం కాదులే, ఎరుపే" అనేది. పగలు లైబ్రరీలో ఉద్యోగం. మిగతా టైమంతా ఒక పాత ఫ్యాక్టరీ మేడ మీద. నల్లజాతి, ప్యూర్టోరికో, చైనా ఆడవాళ్లు కొందరితో కలిసి అద్దెకు తీసుకున్న గదిలో బొమ్మలు వేసేది. వాళ్లలో ఒక నల్లజాతి ఆవిడ ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఆ స్నేహితురాలు పోలీసు కాల్పుల్లో పోయిన పిల్లల చొక్కాలకు రంగు పూసి గుడ్డ మీద అచ్చులు తీసేది. వీళ్ల పనిని గ్యాలరీల వాళ్లు గుమ్మం దాటనిచ్చేవారు కాదు. "నా బొమ్మలో కోపం ఎక్కువైందట. చారులో ఉప్పా, రుచి చూసి వేయడానికి?" అని ఒకసారి నా గరిటె ఊపుతూ అరిచింది. ఆ చారు మరక నా గోడ మీద ఇంకా ఉంది.

రెండేళ్ల కిందటి ఎండాకాలం, మన ఆడవాళ్ల బొట్టు చూసి కార్లలోంచి "డాట్! డాట్!" అని అరిచేవాళ్లు. గుడ్లు విసిరేవాళ్లు. నేను ట్రైన్ ఎక్కేముందు బొట్టు తీసి పర్సులో అంటించుకునేదాన్ని. అక్కయ్య మాత్రం తన బొట్టు ఇంకా పెద్దది చేసింది. ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, మా వీధి మలుపులో కిరాణా షాపు నడిపే గుజరాతీ ఆయన్ని కొందరు కుర్రాళ్లు బ్యాట్లతో కొట్టారు. ఒక కన్ను పోయింది. పోలీసులు తలుపు తలుపూ తట్టి అడిగారు. ఎవరూ చూడలేదన్నారు. మావారు ఆ సాయంత్రమే పాల కోసమని ఆ షాపుకు వెళ్లి ఉత్తచేతులతో వచ్చారు. "షాపు మూసేశారు" అన్నారు, అంతే.

ఆ ఆదివారం అక్కయ్య మా బిల్డింగ్ ముందు పేవ్‌మెంట్ మీద ఎర్ర సుద్దముక్కతో బారులుగా ముగ్గుచుక్కలు పెట్టింది. గీతలు లేవు. పక్కన తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ రాసింది: చూసినవాళ్లు ఒక గీత కలపండి.

"గీత కలిపితే ఏమొస్తుందక్కయ్యా?" అన్నాను.

"పేరు చెప్పాలంటే భయం కదే. గీతకి పేరుండదు. ఒక్కటి పడినా చాలు, తనని కొడుతుంటే చూసిన మనిషున్నాడని ఆయనకైనా తెలుస్తుంది."

మావారు బకెట్‌తో కిందికి దిగారు. "అక్కయ్యగారూ, మనం జాబ్ చేసుకోవడానికొచ్చాం. గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఎందుకండీ లేనిపోని అటెన్షన్?" అంటూ నీళ్లు కుమ్మరించారు. ఆమె తడి ఆరేదాకా మెట్ల మీద కూర్చుని మళ్లీ పెట్టింది. చలి ముదిరేదాకా ఇదే వరస. ఆవిడ పెట్టడం, ఈయన కడగడం. ఒక్క గీతా పడలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయి క్షమించమంటే, "మీ ఆయన మీద నాకు కోపం లేదే. ఊరికే ఎవరూ అన్ని నీళ్లు పోయరు" అంది. నాకా మాట అర్థం కాలేదు. ఆమెకు లేకపోయినా నాకు మాత్రం బోలెడు కోపం ఉండేది.

దహనం రోజు అందరం బిల్డింగ్ ముందు పోగయ్యాం. ఆ నల్లజాతి స్నేహితురాలు వచ్చింది. సంచిలోంచి ఎర్ర సుద్దముక్క తీసి, మోకాళ్ల మీద కూర్చుని చుక్కలు పెట్టసాగింది. చావింటి ముందు ముగ్గు వేయకూడదని పాపం ఆమెకేం తెలుసు? అక్కయ్య దగ్గర నేర్చుకున్నది కాబట్టి అక్కయ్య కోసం వేస్తోంది.

"అయ్యయ్యో, ఇవాళ ముగ్గేమిటి! ఎవరైనా కడిగేయండి ప్లీజ్" అన్నాడు తమ్ముడు. ఎవరో నిండు బకెట్ తెచ్చి మావారి చేతికిచ్చారు. ఈయనకు కొత్త పనా అనుకుని నేను మొహం తిప్పుకున్నాను.

నీళ్ల చప్పుడు వినపడలేదు. తిరిగి చూస్తే బకెట్ కింద పెట్టేసి ఉంది. మావారు ఆమె పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి చాపారు. ఆమె సుద్దముక్క ఇచ్చింది. పుట్టి బుద్ధెరిగి ముగ్గుకర్ర పట్టని మనిషి, ఒక చుక్క నుంచి పక్క చుక్కకు వంకరగా గీత లాగారు. లేవలేదు. తల కూడా ఎత్తలేదు. పాలు తేకుండా వచ్చిన ఆ సాయంత్రం నాకప్పుడు అర్థమైంది. రెండేళ్లుగా ఈయనతో ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికి, అక్కయ్యకు తెలిసింది నాకు తెలియలేదు. ఈయన మీద జాలిపడాలో, మండిపడాలో ఇప్పటికీ తేలడం లేదు.

నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెనకెక్కడో నిలబడ్డ షాపాయన జనంలోంచి ముందుకొచ్చాడు. అద్దాలు తీసి, తల కాస్త పక్కకు వంచి, మిగిలిన కంటితో ఆ గీతను చూస్తూ నిలబడిపోయాడు.